ఘాటురోడ్డు మీద మోటారు సైకిళ్ల బృందము

మోటారు సైకిలు నడుపుట వేరు, నలుగురితో కలిసి నడుపుట వేరు. రెండవదానికి ఒక మర్యాద కలదు. చదును నేలమీద అది తెలియకున్నను పెద్ద నష్టము లేదు. ఘాటురోడ్డు మీద అట్లు కాదు.

ఒక శీతకాలపు వేకువను ఏడు బండ్లమీద విశాఖపట్టణమునుండి అరకులోయకు బయలుదేరితిమి. ముందుబండి మాది. శృంగవరపుకోట దాటిన పిమ్మట దారి కొండ నెక్కును. అనంతగిరి చేరుసరికి కాఫీతోటలు, వానితోపాటు మంచు. క్రొత్తగా బండి నేర్చిన యువకుడొకడు అందరికంటె వెనుక నుండెను. ముందువారు మలుపు తిరిగి కనుమరుగైనప్పుడెల్ల, వెనుకబడిపోదునను భయముతో అతడు వేగము పెంచుచుండెను. అట్టి యొక మలుపులో మధ్యగీతను దాటిపోయెను. ఎదురుగా బస్సు దిగుచుండెను. ఆ డ్రైవరు జాగరూకుడు గనుక ఆపగలిగెను. మేమది చూడనేలేదు, అప్పటికి రెండు మలుపులు పైనున్నాము. తరువాత బొర్రాకు దారి చీలుచోట మేమెవరమును ఆగలేదు. ఎటు పోవలయునో తెలియక ఆ యువకుడు మంచులో అరగంట నిలిచెను. తప్పు అతనిది కాదు, మాది.

క్రొత్తవానిని చివర నుంచరాదు. నాయకుని వెనుకనే యుంచి, అతని వేగమునే బృందమునకు వేగముగా నెంచవలెను. చివర అనుభవజ్ఞుడుండవలెను. తిన్నని రోడ్డుమీద ఒకరు కుడిగా, ఒకరు ఎడమగా నడువవచ్చును గాని, మలుపులు మొదలుకాగానే ఒకే వరుస. ముందుబండి మైలురాయిని దాటగానే ‘నూట ఒకటి, నూట రెండు’ అని లెక్కింపుడు. అది ముగియకముందే మీరా రాయిని చేరినచో మరీ దగ్గరగా నున్నారన్నమాట.

మలుపులో మాత్రము ఎవరికి వారే. ముందువాని ఎఱ్ఱదీపమును చూచుచు పోరాదు. మలుపు చివరను చూడవలెను. వేగమును ముందుగనే తగ్గింపవలెను. కుడి మలుపులో బండి కుడికి వాలును. చక్రము మన భాగముననే యున్నను తల మధ్యగీతకు ఆవల నుండవచ్చును. ఎదుటి బస్సునకు మన చక్రముతో పనిలేదు! వెనుక కూర్చున్నవారు భయపడి ఎదురువైపునకు వాలరాదు. ఇరుకుచోట ఎక్కుచున్న బండికి దిగుచున్నది దారి యీయవలెనని 2017 నాటి మోటారు వాహన చోదన నియమములు చెప్పుచున్నవి.

బృందములో ఒకరి నొకరు దాటరాదు. లారీని దాటునప్పుడు, ముందువాడు చేయి ఊపి రమ్మనినను, రోడ్డును మీ కన్నులతో చూచినగాని కదలకుడు. అతడు చూచిన రోడ్డు ఒక క్షణము పాతది.

అన్నిటికంటె ముఖ్యము అద్దము. ప్రతివాడును తన వెనుకనున్న ఒక్కనినే కనిపెట్టిన చాలును. దారి చీలుచోట వెనుకబండి దీపము కనబడువరకు రోడ్డు ప్రక్కన ఆగవలెను. చివరివాడు ఆగినచో అతని ముందువాడు ఆగును, ఆపై వాని ముందువాడు; కబురు నాయకుని చేరుటకు కేక అక్కరలేదు. అయితే మలుపులో మాత్రము ఆగరాదు. గాలికొండ దృశ్యము ఎంత సుందరమైనను బండిని రోడ్డు దింపిన తరువాతనే చూడవలెను. సంతకు పోవు గిరిజనులు రోడ్డు అంచుననే నడతురు. వారి చెంత హారను మ్రోగించి ఇంజను నురిమింపుట అనాగరికము.

ఆ యువకుడు ఇప్పుడును మాతో వచ్చుచున్నాడు. రెండవబండి అతనిది. అరకు చేరుటకు మాకు మునుపటికంటె అరగంట ఎక్కువ పట్టుచున్నది.