అబ్బాయి ఎందుకు రాలేకపోతున్నాడు?



మన ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేటల్లో సందుకో కోచింగ్ సెంటరు ఉన్నట్టే, ఇంటికో అమెరికా అబ్బాయో అమ్మాయో ఉంటారు. వెళ్ళి పదేళ్ళు దాటినా “గ్రీన్ కార్డు ఇంకా రాలేదమ్మా” అంటూనే ఉంటారు. ఇక్కడ తమ్ముడికి పెళ్ళి కుదురుతుంది. “నాలుగు రోజులు సెలవు దొరకలేదా, లేక కోడలు కదలనివ్వలేదా?” అని తల్లి నిష్ఠూరమాడుతుంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు! అడ్డం పడుతున్నవి కాగితాలు. అవేమిటో కాస్త తెలుసుకుందాం.

పాస్‌పోర్టులో అంటించే వీసా శుభలేఖ లాంటిది. గుమ్మం దాకా వెళ్ళడానికే పనికొస్తుంది. లోపల విడిది ఎన్నాళ్ళో చెప్పేది అక్కడ విమానం దిగగానే కనిపించే అధికారి. ఆయన ఇచ్చే గడువు నమోదును ఐ-94 అంటారు. ఇదివరకు చిన్న కాగితం పాస్‌పోర్టుకు జతచేసి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో వెళ్ళేవాళ్ళకు కంప్యూటర్లోనే నమోదవుతోంది. అందుకని దిగిన మర్నాడే ఆ తేదీ చూసుకోమని పిల్లలకు చెప్పండి. వీసాకు మూడేళ్ళు గడువున్నా, పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోయేట్టుంటే, ఐ-94 కూడా ఆ ఏడాదికే ఇచ్చేయడం కద్దు. వీసా చూసుకుని ధీమాగా కూర్చుంటే చిక్కే.

దీనికి రెండోవైపు కూడా ఉంది. వీసా గడువు తీరినా, అక్కడ ఉండే అనుమతి పొడిగించి ఉంటే ఉద్యోగం దర్జాగా చేసుకోవచ్చు. బయటికొచ్చినప్పుడే మళ్ళీ వీసా ముద్ర కావాలి. పిల్లలు జంకేది ఇక్కడే.

ఇక గ్రీన్ కార్డు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదని వాళ్ళ చట్టం. మనవాళ్ళు ఎందరో! అందుకే అంత పొడుగు వరస. కంపెనీ పెట్టిన అర్జీ మంజూరై, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది. వాళ్ళకు హెచ్-1బి వీసాయే ఆధారం. వంతు దగ్గరపడ్డాక ఐ-485 అనే దరఖాస్తు పెడతారు. అప్పుడే ‘అడ్వాన్స్ పెరోల్’ అడిగే వీలు వస్తుంది. పెరోల్ అనగానే జైలు గుర్తొచ్చి కంగారు పడకండి! వెళ్ళి వస్తానని ముందుగా తీసుకునే అనుమతి, అంతే. అది చేతికి రాకుండా దేశం దాటితే, దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క కడతారు. హెచ్-1బి హోదా నిలుపుకుని, ఆ వీసాతోనే తిరిగి వెళ్ళేవాళ్ళకు మినహాయింపు ఉంది. ఆ హోదా వదిలేసి, దరఖాస్తు మీద వచ్చిన పనిపత్రంతో ఉద్యోగం చేసేవాళ్ళకు లేదు. పెరోల్ ఉన్నా, లోపలికి రానివ్వడం చివరికి ఆ అధికారి చేతిలోదే.

ఒకప్పుడు వీసాకు మద్రాసు రైలెక్కేవారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైన అమెరికన్ కాన్సులేటు 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. ఊళ్ళోనే ఉంది కదా, వారంలో ముద్ర పడుతుందనుకుంటాం. 2025 డిసెంబరులో తనిఖీలు పెంచి, హెచ్-1బి ఇంటర్వ్యూలు ఎన్నో నెలల తరబడి వెనక్కి జరిపారు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అక్కడ, మనుషులు ఇక్కడ. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయండి, నేను వద్దనను. కానీ ముహూర్తం పెట్టించే ముందు ఒక్క ఫోను చేసి, “వీసా ముద్ర ఎప్పటిదాకా ఉందిరా? పెరోల్ చేతికొచ్చిందా?” అని అడగండి.

ముహూర్తమైతే జరుపుకోవచ్చు. జబ్బు అలా కాదే! తండ్రికి ఉన్నట్టుండి గుండెపోటు వచ్చిందనుకోండి. ఐ-485 పెట్టిన అబ్బాయి అత్యవసర పెరోల్ ఇమ్మని అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయాన్ని అడగవచ్చు. ఇస్తారని హామీ లేదు, ఆధారం మాత్రం చూపించాలి. ఏడుస్తూ ఫోను చేయడంతో ఆగకండి. ఆస్పత్రి కాగితం మీద డాక్టరుగారి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించండి. రోగి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. జబ్బేమిటో, ఎంత ప్రమాదమో, తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. నకలు వెంటనే ఫోనులో పంపించి, అసలుది మీ బీరువాలో పెట్టుకోండి.