సాక్షి లేని స్త్రీ

 

మన గ్రంథాలయమున మిక్కిలి నలిగిన పుస్తకములలో భారతము ఆదిపర్వ మొకటి. అందలి శకుంతలోపాఖ్యానమును మీరందరు నెరుగుదురు. బిడ్డతో రాజసభకు వచ్చిన శకుంతలను దుష్యంతుడు ఎరిగియుండియు ఎరుగననెను. మూలభారతమున అంతతో నాగక, ఆమె తల్లి మేనకను కులటయని నిందించెను. తన నడతను గూర్చిన ప్రశ్నను ఆమె పుట్టుకను గూర్చిన ప్రశ్నగా మార్చివేసెను. శకుంతలకు ఆకాశవాణి సాక్ష్యము పలికినది. ఆకాశవాణి పలుకని స్త్రీల గతి యేమి? నేటి నా ప్రసంగవిషయ మిదియే.

1972లో మహారాష్ట్రమందలి చంద్రపూరు జిల్లాలో, కూలిచేసి బ్రదుకు ఒక అనాథ గిరిజన బాలిక, ఒక ఫిర్యాదు విషయమై రాత్రివేళ పోలీసు ఠాణాకు వెళ్లి అచ్చటనే అత్యాచారమునకు గురియైనది. ఆమె పేరు చెప్పను. బాధితురాలి పేరు ప్రకటించుట 1983 నుండి నేరము. సెషన్స్ కోర్టు ఆమె శీలమును శంకించి పోలీసులిద్దరిని విడిచిపెట్టినది. బొంబాయి హైకోర్టు వారిని శిక్షించినది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటిపై గాయములు లేవనియు, కేకలు వేయలేదనియు మరల విడిచిపెట్టినది. తలుపులు మూసిన ఠాణాలో కేకవేసిన వినువారెవరు?

1979లో ఉపేంద్ర బక్షీ మున్నగు నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. స్త్రీలు వీథులలోనికి వచ్చిరి. 1983లో చట్టము మారినది. పోలీసు నిర్బంధమున సంగమము ఋజువై, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో, సమ్మతి లేదనియే న్యాయస్థానము భావింపవలెను. ఆమె శీలమును బయటికీడ్చి సాక్ష్యమును కొట్టివేయుటకు వీలిచ్చిన నిబంధన 2002 నాటి సవరణతో తొలగినది. ప్రతిఘటింపనంత మాత్రమున సమ్మతించినట్లు కాదని 2013 నాటి సవరణ పలికినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు దీనిని నిలుపుకొన్నది.

వేశ్యావృత్తిలోనున్న స్త్రీ మాటయేమని కొందరడుగుదురు. 1956 నాటి చట్టము వేశ్యాగృహము నడుపువానిని, ఆమె సంపాదనపై బ్రదుకువానిని శిక్షించును. బహిరంగస్థలమున విటుని పిలిచినదని ఆమెను సైతము శిక్షించును. అయినను, ఒక పోలీసు ఉద్యోగి రాత్రివేళ ఒక స్త్రీ గుడిసెలో జొరబడిన వ్యవహారమున, ఆమె శీలవతి కాదను వాదమును 1990లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. అట్టి స్త్రీ ఏకాంతమునైనను ఇచ్చవచ్చినట్లు భంగపరచు హక్కు ఎవరికిని లేదని తీర్పుచెప్పినది.

ఇక మన ఇండ్ల సంగతి. గోదావరి, కడప జిల్లాలనుండి స్త్రీలు ఇంటిపనులకై గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఎరుగని ఊరు, ఎరుగని భాష. పలువురి పాసుపోర్టులు యజమానుల చేతిలో. వారును సాక్షిలేని శకుంతలలే. తిరిగివచ్చినపుడు "జీతమిచ్చిరా? కొట్టిరా?" యని అడుగుటకు ముందే, "అక్కడ ఎట్లుండినదో!" యని అరుగులపై గుసగుసలు సాగును. దుష్యంతుని ప్రశ్నయే మన నోటను వెడలుచున్నది.

కార్యవర్గమునకు నా మనవి యొకటి. భారతమున్న బీరువాలోనే ఈ చట్టముల తెలుగు ప్రతులను ఉంచుడు. దేశమున నేర మెచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు చేయవచ్చుననియు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీకి ఉచిత న్యాయసహాయము లభించుననియు చదువురాని వారికి చదివి వినిపింపుడు. అన్యాయము జరిగినదని మన ఊరి ఆడుబిడ్డ చెప్పుకొన్న నాడు, ఆమె ఎట్టిదని గాక, ఆమెకేమి జరిగినదని అడుగుదము.