చిన్న పార్టీ చేతిలో తాళం చెవి: గాజువాక నుంచి లండన్ దాకా

ఈ ఎపిసోడ్‌లో పొత్తుల లెక్క చూద్దాం. మన మల్కాపురం పక్కనే ఉన్న గాజువాక నుంచే మొదలుపెడదాం.

2019లో గాజువాకలో పవన్ కళ్యాణ్ ఓడిపోయారు. గెలిచింది వైసీపీ. కానీ జనసేన ఓట్లు, మూడో స్థానంలో ఉన్న టీడీపీ ఓట్లు కలిపి చూడండి, గెలిచినాయన ఓట్ల కంటే చాలా ఎక్కువ. 2024లో ఆ రెండూ కలిశాయి. అదే గాజువాకలో టీడీపీ అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకి 95 వేలు దాటిన మెజారిటీ వచ్చింది.

రాష్ట్రం మొత్తం చూస్తే ఇంకా విచిత్రం. వైసీపీకి సుమారు 39 శాతం ఓట్లు, 11 సీట్లు. జనసేనకి 7 శాతం కూడా లేవు, పోటీ చేసిన 21కి 21 గెలిచింది. మన పద్ధతిలో ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఒక్కటే కాదండీ, ఎక్కడ వచ్చాయి, ఎవరితో కలిశాయి అన్నది ముఖ్యం. 2009లో ప్రజారాజ్యం ఒంటరిగా వెళ్లి 16 శాతం దాకా తెచ్చుకుంది. 294లో వచ్చినవి 18 సీట్లే.

ఈ పద్ధతి మనకి బ్రిటన్ నుంచే వచ్చింది. అక్కడా ఇదే కథ. 2024లో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు, 5 సీట్లు. లిబరల్ డెమోక్రాట్లకి 12 శాతం ఓట్లే, కానీ 72 సీట్లు. వాళ్ల ఓట్లు కొన్ని ప్రాంతాల్లో గుట్టగా పడ్డాయి.

సరే, సీట్లొచ్చాయి. తర్వాత? అసలు పరీక్ష అక్కడే. 2010లో ఆ లిబరల్ డెమోక్రాట్లే 57 సీట్లతో కామెరాన్ ప్రభుత్వంలో చేరారు. యూనివర్సిటీ ఫీజులు పెంచనివ్వమని అంతకుముందే సంతకాలు పెట్టి మరీ మాటిచ్చారు. అదే ఏడాది ఆ ప్రభుత్వమే ఫీజుల పరిమితిని దాదాపు మూడింతలు చేసింది. 2015లో వాళ్లకి మిగిలినవి 8 సీట్లు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2024లో బీజేపీకి సొంతంగా 240 వచ్చాయి, కావాల్సింది 272. టీడీపీ 16, జనసేన 2. అంటే తాళం చెవుల్లో ఒకటి మనవాళ్ల చేతిలోనే ఉంది. స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్రం 2021 జనవరిలో సరేనంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. మంచిదే, కాదనను. కానీ డబ్బులివ్వడం వేరు, అమ్మకం నిర్ణయాన్ని కాగితం మీద రద్దు చేయడం వేరు. సొంత గనులివ్వడం ఇంకా వేరు. మందు ఇప్పించారు సరే, జబ్బు మాటేంటి?

పొత్తు తప్పు కాదు. దానికి ఏం ధర అడిగారు, రాతపూర్వకంగా ఏం తెచ్చారు, ఈ రెండూ అడగడం మన పని. ఓటేసింది జెండాకి కాదు, ఈ పొగ గొట్టాల కింద బతికే కుటుంబాల కోసం. మీ ఎమ్మెల్యే, ఎంపీ ఎదురైతే ఈ ప్రశ్న వేయండి. ఏం చెప్పారో కామెంట్లలో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం. ఉంటానండీ.