పిలిచినను పలుకని కంప్యూటరు

ఒకే మనిషిని ఇంటిలో ఒకరు అమ్మ అనియు, ఒకరు వదిన అనియు, మరియొకరు పిన్ని అనియు పిలుతురు. ఎవరు ఏ వరుసతో పిలిచినను ఆమె పలుకును. ఉత్తరము తెచ్చు తపాలా జవానుకు మాత్రము ఈ వరుసలతో పని లేదు. అతనికి కావలసినది ఇంటి నంబరు. నేడు మన ఇండ్లలోని కంప్యూటర్ల సంగతియు ఇంచుమించు ఇట్టిదే. మనము వానిని పేరుతో పిలుతుము. అవి ఒకదానినొకటి నంబరుతో చేరుకొనును. పేరును నంబరుగా మార్చు పని ఎవరు చేయుచున్నారు, అది ఒక్కొక్కప్పుడు ఎందుకు తప్పిపోవుచున్నది అను విషయమును ఈ పూట ముచ్చటించుకొందము.

మా ఇంటిలో మూడు కంప్యూటర్లు కలవు. లోపలి గదిలో ఉన్నది లినక్స్‌తో నడచు పాత యంత్రము. దానికి గోదావరి అని పేరు పెట్టితిమి. మా అమ్మాయి వాడుకొనునది మ్యాక్. హాలులో ఉన్నది విండోస్ 7తో నడచునది. ఆ విండోస్‌కు సామాన్య గృహస్థులకు అందు భద్రతా సవరణలు 2020 జనవరితో నిలిచిపోయినవి గనుక, దానిని బయటి ఇంటర్నెట్ వ్యవహారములకు వాడక, పాటలు వినుటకు మాత్రమే ఉంచితిమి. మా అమ్మ జీవించియుండగా ఆమె పాడిన మంగళహారతులను రికార్డు చేసి గోదావరిలో భద్రపరచితిని. ఏ గదినుండియైనను బ్రౌజరులో తెరచి వినుటకు వీలు కల్పించి, గోదావరి నంబరును చీటీపై వ్రాసి హాలు గోడకు అంటించితిని.

అమ్మ సంవత్సరీకమునకు ముందునాడు మా అక్కయ్య ఊరినుండి వచ్చినది. ఆనాటి మధ్యాహ్నము కరెంటు పోయి, గంట తరువాత వచ్చినది. సాయంకాలము అక్కయ్యకు పాటలు వినిపింపవలెనని చీటీలోని నంబరు కొట్టగా, ప్రింటరు తాలూకు పేజీ తెరచుకొన్నది. గోదావరి అను పేరు కొట్టగా, అట్టిది దొరకలేదని విండోస్ సమాధానము చెప్పినది. “ఏరా తమ్ముడూ, అమ్మ పాటలు పోయినట్టేనా?” అని అక్కయ్య అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇంతలో ప్రక్క గదినుండి మా అమ్మాయి, “నాన్నా, గోదావరి చుక్క లోకల్ అని కొట్టాను. ఇక్కడ వస్తున్నాయి” అని కేక వేసినది. పాటలు ఎక్కడికిని పోలేదు. తప్పిపోయినది పేరునకును నంబరునకును గల సంబంధము మాత్రమే.

నంబరు ఏల మారినది? ఇంటిలోని రౌటరు ప్రతి యంత్రమునకు ఒక నంబరును కొంత గడువునకు ఎరువిచ్చును. అది అద్దెయేగాని సొంతము కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మా రౌటరు పాత లెక్క మరచి, నంబర్లను తిరిగి పంచినది. గోదావరి నంబరు ప్రింటరు పాలయినది. గోడమీది చీటీకి ఈ సంగతి తెలియదు గదా!

పేరు సంగతి కొంత పూర్వచరిత్ర గలది. 1970 ప్రాంతములలో అమెరికాలోని ఆర్పానెట్‌నందలి కంప్యూటర్ల పేర్లన్నియు ఒకే పట్టికలో ఉండెడివి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందము ఆ పట్టికను నిర్వహించెడిది. తక్కినవారు దానికి నకలు తీసుకొనెడివారు. యంత్రములు పెరిగినకొలది ఆ పద్ధతి మోయరాని భారమైనది. 1983లో పాల్ మొకపెట్రిస్ డి.ఎన్.ఎస్. అను పద్ధతిని రూపొందించెను. అందు ఒక్కొక్క శాఖకు ఒక్కొక్కరు బాధ్యత వహింతురు. బయటి లోకమునకు నేటికిని అదియే ఆధారము. కాని మీ లోపలి గదిలోని గోదావరి పేరు ఆ లోకపు పట్టికలో ఉండదు.

ఇంటి పేర్ల కొరకు వేరువేరు పద్ధతులు పుట్టినవి. 1983లో ఐ.బి.ఎం. కొరకు సైటెక్ అను కంపెనీ నెట్‌బయాస్‌ను తయారు చేసినది; విండోస్ చిరకాలము దానిపై ఆధారపడినది. అందు పేరు పదునైదు అక్షరములు మించరాదు. “గోదావరి ఎవరు?” అని యంత్రము నెట్‌వర్క్ అంతటికి వినబడునట్లు అడుగును. ఇది మా వృత్తిలోని ప్రసారము వంటిదే. ఆ పేరు గలది జవాబు చెప్పవలెను. తరువాత విండోస్‌లో ఎల్.ఎల్.ఎం.ఎన్.ఆర్. అను మరియొక పద్ధతి చేరినది. యాపిల్ వారు 2002లో రాందెవూ అను పేరుతో తెచ్చి, 2005లో బాంజూర్ అని పేరు మార్చిన పద్ధతి వేరొకటి. దాని మూలమైన మల్టికాస్ట్ డి.ఎన్.ఎస్. 2013లో ప్రమాణముగా వెలువడినది. చివర లోకల్ అను మాట గల పేర్లు దానివి. లినక్స్‌లో అవాహి అను ప్రోగ్రాము అదే భాషలో పలుకును.

రేడియో గలవారికి ఇది సులభముగా బోధపడును. స్టేషను పలుకుచునే ఉండును. మన సెట్టు వేరొక మీటరుపై ఉన్నచో ఏమియు వినబడదు. మా మ్యాక్, గోదావరి ఒక మీటరుపై ఉన్నవి. విండోస్ 7 మరియొక మీటరుపై ఉన్నది. విండోస్ 10 నాటికి ఈ లోకల్ పేర్ల భాష విండోస్‌కును వచ్చినది.

ఇట్టి చిక్కు మీ ఇంట వచ్చినప్పుడు, మొదట ఆ యంత్రము వద్దకే పోయి దాని నేటి నంబరు చూడుడు. ఆ నంబరుతో పిలిచిన పలికినచో దారి బాగున్నది. లోపము పేరులో ఉన్నది. నంబరుకును పలుకనిచో వైరు, వైఫై, ఫైర్‌వాల్ చూడవలెను. ఈ రెండింటిని వేరు చేయకుండ చేతికి దొరకినదెల్ల మార్చుటచే చిక్కు పెరుగును.

మార్గములు మూడు. లినక్స్‌లో సాంబా అను ప్రోగ్రామును నెలకొల్పినచో అది నెట్‌బయాస్ పిలుపునకు జవాబు చెప్పును. లేదా ప్రతి కంప్యూటరులోను హోస్ట్స్ అను చిన్న ఫైలు కలదు. అందు నంబరును, దాని ప్రక్కన పేరును వ్రాయవచ్చును. అది ఆర్పానెట్ నాటి పట్టికకు వారసు. కాని నంబరు మారినప్పుడెల్ల ప్రతి యంత్రములోను దిద్దవలెను. మూడవది, నేను ఎన్నుకొన్నది, రౌటరునే ఇంటి పెద్దగా చేయుట. గోదావరి నెట్‌వర్క్ కార్డుకు గల హార్డ్‌వేర్ అడ్రసును గుర్తించి, రౌటరులో దానికొక నంబరును శాశ్వతముగా కేటాయించితిని. ఆ నంబరుకు పేరును గూడ అక్కడనే వ్రాసితిని. ఈ రెండవ సదుపాయము అన్ని రౌటర్లలో ఉండదు. ఉన్నచో లోకల్ అను చివరిమాట మాత్రము వాడకుడు; అది మల్టికాస్ట్ పద్ధతికి కేటాయింపబడినది. ఇండ్ల కొరకు 2018లో హోమ్ చుక్క ఆర్పా అను చివరిమాట ప్రత్యేకింపబడినది. డి.ఎన్.ఎస్. మాత్రము ఏ ఆపరేటింగ్ సిస్టంకైనను తెలిసిన భాష గనుక మూడును ఒకరినే అడుగును, ఒకే జవాబు పొందును.

ఒక హెచ్చరిక. అందరి మధ్య పేరు కేక వేసి అడుగు పద్ధతులు, జవాబు చెప్పినవానిని నమ్మును. ఇంటిలో అందరు మనవారే. హాస్టలులోను, హోటలులోను ఎవడో “గోదావరిని నేనే” అని పలికి సంకేతపదములను రాబట్టుటకు యత్నింపవచ్చును. అట్టి తావులందు ఫైళ్లు పంచుకొనుటను నిలిపివేయుట మేలు.

ఆ రాత్రి పని ముగియునప్పటికి పదకొండు గంటలైనది. తెల్లవారి హాలులో విండోస్ యంత్రమునందు గోదావరి పేరు కొట్టినది అక్కయ్యయే. అమ్మ గొంతు వినబడగానే ఆమె కొంగుతో కన్నులు ఒత్తుకొన్నది. గోడమీది నంబరు చీటీని చించివేసి, దానికి మారుగా పేరు వ్రాసి అంటించితిని. నంబర్లు మారుచుండును. ఇంటిలో పేరునకు బాధ్యత వహించువారు ఒకరు ఉన్నచో, మన వస్తువులు పిలిచినప్పుడు పలుకును.