పెట్టెలోని కాగితం చదివేదెవరు?

(జగిత్యాలలో పెద్దలు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఏ ఇంటికి వెళ్లినా మాకు రెండు ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. పిల్లలకు ఏమీ తెలియదని పెద్దలంటారు. పెద్దలు ఏమీ చెప్పరని పిల్లలంటారు. రెండూ నిజమే. అందుచేత ఎవరి పక్షమూ వహించకుండా, ఒక కాగితం గురించి మాత్రమే మాట్లాడదలచాము.

కోరుట్లలో ఒక ఇంట ఇనుప పెట్టె తెరిచి మాకొక ఉర్దూ పత్రం చూపించారు. మసీదుకు చెందిన కొద్దిపాటి ఇనాం భూమి తాలూకు మున్తఖబ్ నకలు అది. ఇంటర్ చదువుతున్న మనవరాలు ఖురాన్ నాజిరా పూర్తి చేసిన పిల్ల. ఆ అక్షరాలు ఆమెకు పరాయివి కావు. అయినా చుక్కలు వదిలేసి, అక్షరాన్ని అక్షరంలో కలిపి రాసిన ఆ శికస్తా దస్తూరి ముందు ఆగిపోయింది. సంవత్సరం మాత్రం చదివింది: 1340. హిజ్రీ అనుకొని ఫోనులో లెక్క చూసి 1921 అన్నది. మంచం మీదున్న దాదా నవ్వి, "కాదు బేటీ, అది ఫస్లీ. పక్కన బహ్మన్ అని నెల రాసి ఉంటుంది చూడు" అన్నారు. ఫస్లీకి 590 కలపాలి. అంటే 1930 చివరి రోజులు. తొమ్మిదేళ్ల తేడా! పత్రాన్ని అనుమానించదలచిన వకీలుకు అంతకన్నా ఏం కావాలి? దాదాకు దస్తూరి తెలుసు, చూపు ఆనదు. మనవరాలికి చూపుంది, కంప్యూటరు తెలుసు, దస్తూరి రాదు.

ఇది ఒక ఇంటి ముచ్చట కాదు. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలలలో ఎక్కించమన్నారు. గడువును తాను పొడిగించక, ట్రిబ్యునళ్లను ఆశ్రయించమని సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ ముందు నిలబడవలసింది మన ఆవేదన కాదు, కాగితం. ఆ కాగితం చదవగలిగినవారు ఏటా తగ్గిపోతున్నారు.

ఈ ఎడం పిల్లల నిర్లక్ష్యం వల్ల వచ్చినదని మేము అనుకోవడం లేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో వైద్యం, ఇంజనీరింగు సైతం బోధించింది. 1948 తరువాత ఆ భాషకు కచేరీలో చోటు పోయింది, బడిలో ఆదరణ పోయింది. తెలంగాణ అంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా 2017లో గుర్తించారు గాని, 2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాలలో చదువు ఇంగ్లీషు మాధ్యమంలోనే. ఆ బడులకు పిల్లలను సంతోషంగా పంపినది మనమే. పంపడం తప్పనడం లేదు. పంపి, ఉర్దూ రాదని వారినే నిందించడం న్యాయమా?

పెద్దల జ్ఞాపకమూ నిండుగా లేదు. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యను ఇప్పుడు అరవై ఏళ్లున్నవారు చూడలేదు. వారికి తల్లిదండ్రుల మౌనం మాత్రమే దక్కింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో జరిగిన దారుణాలపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. ఇంట్లో మాట్లాడలేదు, బయట అచ్చు కాలేదు. అదే 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర సంగతి చూడండి. ఆ తరువాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన వైనం ఇక్కడి కుర్రవాళ్లు కొందరైనా చెప్పగలరు. ఎందుకంటే దానిని రాశారు, పాడారు.

చెప్పవలసిన నడి వయసు మనిషి ఏడీ? దుబాయిలోనో, దమ్మాములోనో ఉన్నాడు. మన మూడు పట్టణాలలోనూ దాదాకు, మనవడికి మధ్య ఉండవలసిన తండ్రి వాట్సాప్‌లో ఒక గొంతు.

ఇంకొక మాట. పల్లెల్లో ఆషూర్‌ఖానాల పేరిట ఇనాం భూములు ఉంటాయి. పీర్ల పండుగ ధర్మాధర్మాల చర్చ వేరే వేదికకు వదిలేద్దాం. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో సైతం పీరునెత్తుకున్న పద్మశాలి వృద్ధుడో, గొల్ల పెద్దమనిషో ఉంటాడు. పత్రంలో "తూర్పున ఫలానా వారి బావి" అని ఉంటే, పూడిపోయిన ఆ బావిని చూపించగలవాడు అతడే. అతని దగ్గరకూ వెళ్లాలి.

విద్యార్థులారా, మీరు ఉర్దూ పండితులు కానక్కరలేదు. వచ్చే జుమా తరువాత ఒక గంట పెద్దల పక్కన కూర్చోండి. వారు చదువుతుంటే మీరు తెలుగులో రాయండి. గొంతును ఫోనులో రికార్డు చేయండి. ఫస్లీ సంవత్సరాన్ని ఫస్లీగానే రాసి, ఇంగ్లీషు సంవత్సరం పక్కన వేయండి. పెద్దలారా, పెట్టె తాళం తీయండి. పిల్లవాడు చదవలేనప్పుడు నవ్వకండి. కాగితాలను లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం పాడవుతుంది. మెత్తని గుడ్డలో చుట్టి, ఫొటో తీసి మాకు చూపించండి. సాయంత్రం వరకు ఇక్కడే ఉంటాము.