షిఫ్టుల మనిషి



స్నాతకోత్సవంలో మహనీయుల పేర్లు తలచుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం మా బాపు గురించి మాట్లాడతాను. ఎనభై దాటి బతికి, ఈ మధ్యనే పోయాడు. ఆయన చేసిందల్లా సంసారం.

మాది జోగిపేట వైపు ఊరు. జొన్నచేను కలిసిరాక బాపు పటాన్‌చెరు వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. అప్పటికే రామచంద్రాపురంలో చెకోస్లొవేకియా సాయంతో కట్టిన బీహెచ్‌ఈఎల్ నడుస్తోంది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది లాంటి మెట్టపంటల మీద ప్రపంచం కోసం పరిశోధన చేసే ఆ సంస్థ గోడ పక్కనుంచే, జొన్న వదిలేసిన మనిషి సైకిల్ మీద డ్యూటీకి పోయేవాడు.

మా ఇంటి క్యాలెండర్‌లో పండుగల కన్నా షిఫ్టులకే పెద్ద అక్షరాలు. బాపు నైట్ షిఫ్ట్ అడిగి మరీ వేయించుకునేవాడు. పొద్దున ఆరుకు దిగితే మమ్మల్ని బడికి తయారు చేయొచ్చని. పగలు ఆయన పడుకుంటే మేం గుసగుసగా కొట్లాడుకునేవాళ్లం. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాల్సి ఉండేది. ఆయనకు నోటికొచ్చిన చట్టం అదొక్కటే. అక్క ఇంటర్ ఫీజు అందులోంచే వచ్చింది.

మా తమ్ముడు అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. బాపు అక్కడికి పోయినప్పుడు పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషని తెలిసింది. బాపు అడిగించిన మొదటి ప్రశ్న: "ఓటీ డబులిచ్చేటోళ్లా, సింగలా?" తమ్ముడు సిగ్గుపడ్డాడట గానీ ఆ పెద్దాయన మాత్రం అరగంట సేపు జవాబు చెప్పాడట.

బాపు పింఛను 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంది. 2014లో ప్రభుత్వం కనీస పింఛను వెయ్యి రూపాయలని ఖాయం చేసింది. జీవితమంతా షిఫ్టులు చేసిన మనిషికి ఆ అంకె మీద కొన్ని వందలు ఎక్కువ వచ్చేవి. అది సరిపోతుందని ఎవరు లెక్కగట్టారో గానీ, వాళ్లెప్పుడూ సంగారెడ్డి అంగట్లో కూరగాయలు కొని ఉండరు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే బాగుంటుంది. కానీ ఆయనను తలుచుకోవడమంటే మిగతాది కూడా చెప్పాలి. ఫ్యాక్టరీల వ్యర్థాలతో పటాన్‌చెరు నక్కవాగు రంగు మారి, ఆ నీళ్లు మంజీరలో కలిసిన రోజులవి. వాగు వెంట ఊళ్లలో చేలు పాడయ్యాయి. 1990లో గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి ఈ కాలుష్యం మీద పోరాడారు. ఇక్కడి ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

బాపు ఏ సభకూ పోలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. "కొలువు పోతే మీ ఫీజులు ఎవరు కడతరు?" అనేవాడు. ఆయనకు తెలియక కాదు. డ్యూటీ బట్టలు మా బట్టల్లో కలవనిచ్చేవాడు కాదు, వాటికి వేరే బకెట్టు. బయట స్నానం చేశాకే మమ్మల్ని ఎత్తుకునేవాడు. ఆయన ప్రేమ మా గడప దగ్గరే ఆగింది. అది తప్పని అనడానికి నాకు నోరు రాదు, ఒప్పని అనడానికీ రాదు. ఆ ఫీజులతో చదివినవాణ్ని నేను.

2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు. కొందరిని డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. బాపు ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. రాత్రి నన్ను పిలిచి, "వాళ్లల్ల కాంట్రాక్టోళ్లు ఎంతమంది? పీఎఫ్ కట్టిండ్రా?" అని అడిగాడు. బయటివాళ్ల ఇళ్ల గురించి ఆయన అడగ్గా విన్నది అదే మొదలు.

మీలో కొందరు రేపు ఇదే పారిశ్రామికవాడలో షిఫ్ట్ ఇన్‌చార్జులవుతారు, సేఫ్టీ ఆఫీసర్లవుతారు. కాంట్రాక్టు కార్మికుల హాజరు పట్టీ సంతకానికి మీ టేబుల్ మీదికొస్తుంది. సంతకం పెట్టేముందు బాపు అడిగిన ఆ రెండు ప్రశ్నలూ మీరు కూడా అడగండి.