నిద్ర గోలీ, మన మనసు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉప సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలన్నీ ఇప్పటిదాకా విన్నారు. మేము చెప్పబోయేదానికి లెక్కల పుస్తకం లేదు. ఈ ఏడాది మా ఉప సంఘం గ్రామ సంఘాల మీటింగులకు రక్తహీనత గురించి చెప్పడానికి పోయింది. చెప్పాల్సింది చెప్పి చెప్పులు వేసుకుంటుంటే, వెనక నుంచి ఎవరో ఒకరు వచ్చి మెల్లగా అడిగేవాళ్ళు: "అక్కా, రాత్రి నిద్ర పడతలేదు. మా బిడ్డ పంపిన అమెరికా గోలీ ఏస్కోవచ్చునా?" ఒక ఊరు కాదు, రెండు ఊళ్ళు కాదు. అందుకే పీహెచ్‌సీ డాక్టరమ్మ దగ్గర కూర్చొని, తెలిసినవాళ్ళతో చదివించుకొని, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మొదట ఆ అమెరికా గోలీ సంగతి. కొడుకో కోడలో వచ్చేటప్పుడు బాదం పప్పు, చాక్లెట్ల పక్కన ఒక డబ్బా తెస్తారు. లోపల తియ్యటి జెల్లీ బిళ్ళలు. డబ్బా మీద మెలటోనిన్ అని ఉంటుంది. అమెరికాలో దీన్ని మందుగా కాక విటమిన్ల లెక్కలో అమ్ముతారు, 1994లో అక్కడ చేసిన చట్టం అట్లా ఉంది. డాక్టరు చీటీ అక్కర్లేదు, కిరాణా సామాన్ల పక్కనే దొరుకుతుంది. చీటీ లేకుండా దొరికేది కాబట్టి మంచిదే అయి ఉంటుందని పిల్లలు అనుకుంటారు, పిల్లలు పంపారు కాబట్టి మంచిదేనని మనం అనుకుంటాం. మన మందుల షాపుల్లో కూడా 3, 5, 10 మిల్లీగ్రాముల గోలీలుగా వస్తోంది.

మెలటోనిన్ అనేది బయటి నుంచి వచ్చిన వింత సరుకేం కాదు. మెదడు నడుమ బియ్యపు గింజంత గ్రంథి ఒకటి ఉంది. పొద్దు గూకి చీకటి పడితే అది మెలటోనిన్‌ను నెత్తురులోకి వదులుతుంది, తెల్లారితే ఆపేస్తుంది. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే డాక్టరు ఆవుల మెదళ్ళలోని ఈ గ్రంథి నుంచి దీన్ని వేరు చేశాడు. ఆయన చర్మ వైద్యుడు, నిద్ర మందు కోసం వెతకనేలేదు. తోలు రంగు మారే జబ్బులకు పనికొస్తుందేమోనని చూశాడు.

ఇది మత్తు మందు కాదు. ఒంటికి "రాత్రయింది" అని చాటింపు వేసేది, అంతే. చాటింపు విన్నంత మాత్రాన ఊరంతా పడుకోదు కదా. అందుకే దీని బలం కూడా అంతంతే. 2013లో 19 పరిశోధనలను కలిపి లెక్క తీస్తే, మెలటోనిన్ వేసుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే సగటున 7 నిమిషాలు ముందు నిద్రపోయారు, 8 నిమిషాలు ఎక్కువ పడుకున్నారు. ఏడు నిమిషాలంటే పొయ్యి మీద పాలు పొంగేంత సేపు. విమానంలో ఖండాలు దాటి వచ్చినవాళ్ళకు, రాత్రీ పగలూ తారుమారైనవాళ్ళకు ఇంతకంటే బాగా పని చేస్తుంది. మనలో చాలామందికి వచ్చిన కష్టం అది కాదు.

డబ్బా మీద రాసింది లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 2023లో అమెరికాలోనే 25 రకాల జెల్లీ బిళ్ళలు పరీక్ష చేస్తే 22 రకాల్లో రాసిన లెక్కకు, ఉన్న లెక్కకు పొంతన లేదు. ఒకదాంట్లో రాసినదానికి మూడింతలకు పైనే ఉంది, ఇంకోదాంట్లో మెలటోనిన్ చుక్క కూడా లేదు. మన సంఘం పుస్తకాలు ఇట్లా రాస్తే ఆడిట్‌లో ఏమయ్యేదో ఊహించుకోండి. పైగా మన ఒంట్లో రాత్రంతా తయారయ్యేది ఒక మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు. ఐదు మిల్లీగ్రాముల బిళ్ళ చాలలేదని ఇంకొకటి నోట్లో వేసుకునే అక్కలు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇక మనసు సంగతి. మమ్మల్ని ఎక్కువ మంది అడిగింది ఇదే. "గోలీ వేసుకున్నప్పటి నుంచి ఊరికే ఏడుపొస్తుంది", "పిచ్చి పిచ్చి కలలు", "పొద్దున లేస్తే మబ్బు మబ్బుగా ఉంటది, పిల్లల మీద కయ్యిమంటున్న". ఇవి వాళ్ళు కల్పించుకున్నవి కావు. యూరప్‌లో 55 ఏళ్ళు దాటినవాళ్ళకు చీటీ మీద ఇచ్చే మెలటోనిన్ గోలీ కాగితంలో చిరాకు, ఆందోళన, వింత కలలు రావచ్చని రాసి ఉంది. నూటికి ఒకరికంటే తక్కువ మందిలోనే అని కూడా ఉంది. మనసు కుంగడం, ఏడుపు రావడం ఇంకా అరుదు. 1976లో దిగులు జబ్బు ఉన్న కొద్దిమందికి పెద్ద పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూస్తే వాళ్ళ దిగులు ఎక్కువైంది. అంత మోతాదు ఇప్పుడు ఎవరూ వాడరు గానీ, దిగులుకు ఇది మందని చెప్పేవాళ్ళ మాట మాత్రం నమ్మొద్దు. మెలటోనిన్‌తో దిగులు జబ్బు నయమవుతుందని ఇప్పటిదాకా తేలలేదు.

చిక్కేమిటంటే, నిద్ర లేకపోయినా మనసు కుంగుతుంది, మనసు కుంగినా నిద్ర పోతుంది. నడుమ గోలీ ఒకటి చేరితే ఏది ఎవరి పనో తేల్చడం కష్టం. పన్నెండింటి దాకా పొర్లి అప్పుడు గోలీ వేసుకుంటే, లేచే వేళకు కూడా ఒళ్ళు ఇంకా రాత్రే అనుకుంటుంది. ఆ మబ్బు దిగులులాగే ఉంటుంది.

ఒక సంగతి చెప్తాం. పేరు, ఊరు చెప్పం. నలుగురికీ తెలియాలని ఆమే చెప్పమన్నది. ఆమెకు రెండేళ్ళుగా ఊళ్ళో డాక్టరు ఒక చిన్న గోలీ ఇస్తున్నాడు. రాత్రి సగం వేసుకుంటే చాలు, కన్ను మూతపడేది. తర్వాత సగం చాలలేదు, ఒకటి కావాల్సి వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన కోడలు అది చూసి భయపడి, "అత్తమ్మా ఇవి మంచివి కావు" అని షీట్లన్నీ పారేసి, తన డబ్బా చేతిలో పెట్టింది. మనసు మంచిదే. మూడో రోజుకు అత్తమ్మకు చేతులు వణకడం, గుండె దడ, ఒళ్ళంతా చెమట. రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఊరికే ఏడుపు. ఇంట్లోవాళ్ళంతా జెల్లీ బిళ్ళ వల్లే అన్నారు. సర్కారు దవాఖానలో డాక్టరు మొదట అడిగిన మాట: "ఇంతకుముందు ఏం గోలీ వేసుకునేది?" పారేసిన షీటు చెత్తలో దొరికింది కాబట్టి సరిపోయింది. అది అల్ప్రాజోలం.

ఈ పేరు మన ప్రాంతంలో కొత్తది కాదు. కల్తీ కల్లులో కలిపేది ఇదే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనుషులు ఎట్లా వణికారో, దవాఖానలు ఎట్లా నిండాయో మనలో కొందరు కళ్ళారా చూశాం. అదే మందు తెల్లటి గోలీగా మన దిండు కింద ఉంటే మాత్రం మత్తు అని గుర్తు పట్టం. ఒంటికి అలవాటైన తర్వాత ఒక్కసారి ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు. మెలటోనిన్ ఆ లోటు తీర్చలేదు. ఆ అక్కకు డాక్టరు పాత గోలీనే మళ్ళీ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ నెలల మీద మాన్పించారు. ఇప్పుడు ఏ గోలీ లేదు. నిద్ర పూర్తిగా కుదిరిందా అంటే, కొన్ని రాత్రులు కుదురుతుంది, కొన్ని రాత్రులు లేదు అంటుంది.

కాబట్టి, అక్కలారా, నిద్ర గోలీలన్నీ ఒకటి కావు. పక్కింటామెకు పడింది కదా అని అడిగి తెచ్చుకోవద్దు, మన దగ్గరున్నది ఇవ్వొద్దు. అల్ప్రాజోలం చీటీ లేకుండా అమ్మకూడదు, వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఆపకూడదు కూడా. మెలటోనిన్ అయినా సరే, బీపీ మందు, షుగర్ మందు, రక్తం పలచబడే మందు, ఫిట్స్ మందు, మనసు జబ్బుల మందు వాడేవాళ్ళు డాక్టరుకు డబ్బా చూపించిన తర్వాతే. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు వేసుకోకపోవడమే మంచిది.

మరి నిద్ర ఎందుకు పోయింది? మా మీటింగుల్లో ఈ మాట ఎత్తితే గంటలు గడిచేవి. సగం ఇళ్ళల్లో మగవాళ్ళు గల్ఫులో ఉన్నారు. దుబాయి మన కంటే గంటన్నర వెనక, సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి, వండుకొని తిని, పదింటికి ఫోన్ చేస్తే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. వీడియో కాల్ అంటే ఇంట్లో లైటు వెయ్యాలి, ఫోన్ మొఖం ముందు పెట్టుకోవాలి. మాట్లాడేదేమో ఏజెంటు అప్పు, ఆగిన జీతం. ఫోన్ పెట్టేశాక నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకొన్ని ఇళ్ళల్లో తెల్లారి కార్ఖానాలో ఇవ్వాల్సిన బీడీల లెక్క నిండలేదని ట్యూబ్‌లైటు కింద చాట ఒళ్ళో పెట్టుకొని పదకొండు దాకా చేస్తారు. మామూలు గది లైటులో కూర్చున్నా ఆ చిన్న గ్రంథి ఇంకా పగలే అనుకుంటుంది. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, మసక వెలుతురులో ఉన్నప్పటితో పోలిస్తే మామూలు లైటులో ఉన్నప్పుడు మెలటోనిన్ ఒంట్లో ఉండే సేపు గంటన్నర దాకా తగ్గింది. మన సొంత మెలటోనిన్‌ను లైటుతో ఆపి, డబ్బాలో ఉన్నది మింగుతున్నామన్న మాట.

ఫోన్ మానెయ్యమని, బీడీలు మానెయ్యమని చెప్పడానికి మేము రాలేదు. అది చెప్పేవాళ్ళు కిస్తీ కూడా కడితే బాగుండు. కుదిరినంతలో చేసినవి చెప్తున్నాం. ఒక ఊళ్ళో కొందరు అక్కలు ఇంట్లో మాట్లాడి, అప్పుల మాటలు శుక్రవారం సెలవు నాటి పగటి ఫోన్‌కు పెట్టుకున్నారు. రాత్రి ఫోన్ వస్తే వీడియో లేకుండా, లైటు తీసేసి, మంచీచెడూ మాత్రమే. రాత్రి చాయ్ మానుకున్నవాళ్ళకు, పొద్దున అరగంట ఎండలో పని చేసినవాళ్ళకు కూడా తేడా తెలిసింది.

కొందరికి కారణం ఒంట్లోనే ఉంటుంది. పడుకోగానే కాళ్ళు లాగడం, కదిలిస్తే తప్ప ఆగకపోవడం ఐరన్ తక్కువైతే వస్తుంది. ముట్లు ఆగే వయసులో ఒళ్ళంతా సెగలు వచ్చి మెలకువ వస్తుంది. షుగర్ ఉంటే రాత్రి నాలుగుసార్లు లేవాలి. గట్టిగా గురక పెట్టి, ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవాళ్ళుంటారు. వీటికి నిద్ర గోలీ పనికిరాదు. నెత్తురు పరీక్ష, షుగర్ పరీక్ష పీహెచ్‌సీలో పైసా లేకుండా చేస్తారు.

ఇంకొకటి ఉంది, ఇది కొంచెం నిదానంగా వినండి. తొమ్మిదింటికి నిద్ర పడుతుంది, కానీ మూడింటికే మెలకువ వస్తుంది. మళ్ళీ పట్టదు. తెల్లారుతుంటే గుండెల మీద రాయి పెట్టినట్లుంటుంది. తిండి సయించదు. బతుకమ్మ ఆడబుద్ధి కాదు, మనవరాలు దగ్గరికొచ్చినా సంతోషం అనిపించదు. రెండు వారాలకు మించి ఇట్లా ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు, దానికి వేరే మందు, వేరే వైద్యం ఉన్నాయి. మెలటోనిన్ ఒంట్లో గంటలోపే సగం అయిపోతుంది, మూడింటి మెలకువకు అది అందదు. "నేను లేకుంటేనే అందరికీ మంచిది" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, నవ్వుతూ అన్నా సరే, ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ నంబరు 14416, పైసలు పడవు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. జిల్లా దవాఖానలో మనసు డాక్టరు ఉంటారు. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయింది" అంటారని భయపడితే మన సంఘం నుంచి ఒకరం తోడు వస్తాం.

సంఘంలో కిస్తీ ఒక్క వారం తప్పితే ఇంటికి పోయి అడుగుతాం. మూడు వారాలుగా ఒకామె మీటింగులో మూల కూర్చొని తల ఎత్తకపోతే అడగం. అందుకని పాలకవర్గం ముందు మేము ఒక తీర్మానం పెట్టాం: వచ్చే నెల నుంచి ప్రతి గ్రామ సంఘం మీటింగులో అప్పుల లెక్క చదివిన తర్వాత పది నిమిషాలు ఆరోగ్యానికి ఉంచాలి, ఏఎన్‌ఎం లేదా ఆశ కార్యకర్త ఆ రోజు రావాలి, ఇంట్లో ఉన్న నిద్ర గోలీల షీట్లు, డబ్బాలు ఎవరికి వాళ్ళు తెచ్చి పేరు చదివించుకోవాలి. తెచ్చినవి తీసుకోం, పారెయ్యం. పేర్లు రిజిస్టరులో రాయం.

ఈ రోజు కూడా కొందరు సంచుల్లో తెచ్చారని తెలుసు. భోజనాలయ్యాక డాక్టరమ్మ మూడింటి దాకా ఉంటారు, మేము స్టేజీ పక్క టేబుల్ దగ్గర ఉంటాం. నలుగురిలో మాట్లాడలేనివాళ్ళకు వెనక స్టోరు గది తెరిపించాం, తలుపు వేసుకొని మాట్లాడవచ్చు.